నాచారం బోర్డుకు శుక్రవారం పూనకం

"బళ్లె పేన్లు పడ్డయంట మేడం! పిల్లలు కుదురుగ కూసుంటలేరంట!"

ఫోన్ పెట్టేసి దయాకర్ ఈ వార్తను ఉరుములా ప్రకటించాడు. ఉరిమినట్టు మాట్లాడకపోతే ఆ గదిలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఉప్పల్ చౌరస్తా పక్క సందులో, మూడో అంతస్తులో ఉంది రాజ్యం డిటెక్టివ్ ఏజెన్సీ. కింద బస్సుల హారన్లు, పైన రేకుల చప్పుడు, నడుమ పరిశోధన.

రాజ్యం గారు ఇడ్లీ తుంచుతూ తలెత్తింది. రైల్వేలో టికెట్లు చూసే ఉద్యోగం చేసి, ముందే రిటైర్మెంటు పుచ్చుకుని, ఇప్పుడు టికెట్ లేని అబద్ధాలను పట్టుకుంటోంది. పేరులో రాజ్యం ఉంది గానీ ఏలుబడిలో ఉన్నది ఒక్క గది, ఒక్క దయాకర్. ఆ ఒక్కడూ ఆవిడ తెలివికి బానిస.

"పేలకు డిటెక్టివ్ ఎందుకోయ్? దువ్వెన చాలదూ?"

"ఎవల తలల నుంచి మొదలైనయో కనిపెట్టాల్నేమో మేడం. నాచారం సర్కారు బడి హెడ్మిస్ట్రెస్ ఛాయాదేవి గారు చేసిండ్రు. బయలుదేరిన్రంట."

ఆవిడ వచ్చేలోపల దయాకర్ కిందికి పరిగెత్తి ఈరుపెన్నె ఒకటి, తలకు రాసే మందు ఒకటి కొనుక్కొచ్చాడు. వచ్చిన ఛాయాదేవి కుర్చీలో కూర్చోగానే తన కుర్చీని కిటికీ దాకా జరుపుకున్నాడు.

"ఎన్ని ఉన్నయి మేడం?" అన్నాడు దూరం నుంచే.

"మూడు."

"మూడేనా! గంతకే ఇంత ఫికరా?"

"ఒక్కోటి నా అంత ఉంటది బాబూ," అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ. "గోడకు బిగించినం. గట్ల బిగించినా ఆగుతలేవు."

దయాకర్ తల మీద వెంట్రుకలు నిలబడ్డాయి. రాజ్యం గారికి మాత్రం నవ్వొచ్చింది.

"ఏవండీ, మీరు మా వాడితో ఫోన్లో ఏమన్నారో ఇంకోసారి అనండి."

"ప్యానెళ్లు పాడైనయ్ అన్న. డిజిటల్ బోర్డులు. ఏం, తప్పా?"

దయాకర్ మందు సీసాను మెల్లిగా డ్రాయర్లోకి తోసేశాడు. పేలు పోయి ప్యానెళ్లు మిగిలాయి. కథ అక్కణ్ణుంచి మొదలైంది.

బడి పెరిగిపోతోంది. అదీ ఛాయాదేవి ఆనందం, అదే ఆవిడ ఆందోళన. కాప్రా నుంచీ పీర్జాదిగూడ నుంచీ కూడా పిల్లలు ఆటోల్లో వస్తున్నారు. గదులు చాలక లైబ్రరీ కూడా తరగతి అయింది. నాచారం ఫ్యాక్టరీలలో ఒక కంపెనీ ముందుకొచ్చి ముందు మూడు గదులకు డిజిటల్ బోర్డులిచ్చింది. పాఠాలు బాగా నడిస్తే మిగిలిన గదులన్నిటికీ ఇస్తామంది. నడవకపోతే ఆ నిధులు ఇంకో బడికి పోతాయి.

"రేపు కాదు ఎల్లుండి, శుక్రవారం, కంపెనీ నుంచి మనస్విని గారు వచ్చి తొమ్మిదో తరగతిల కూసోని చూస్తరు," అంది ఛాయాదేవి. "డిజిటల్ బడి అని మాటిచ్చి ప్రైవేటు నుంచి పిల్లల్ని మాన్పించి తెచ్చిన. తల్లులు కూలికి పోయేటోళ్లు. నా మాట నమ్మి ఫీజు కట్టిన బడి ఒదిలిపెట్టి వచ్చిన్రు. ఇప్పుడు బోర్డేమో..."

"బోర్డు ఏం చేస్తోంది?"

"రాస్తది. ఎవరూ ముట్టుకోకుండనే. ఎర్రగీతలు గీస్తది, పేజీలు తిప్పుతది, పాఠం మధ్యల క్యాలికులేటర్ తెరుస్తది. శుక్రవారం పొద్దున పట్టుకుంటది. శనివారం గూడ గట్లనే. మెకానిక్ సోమవారం వస్తడు. ఆయన వచ్చేసరికి పిల్లి లెక్క కూసుంటది. 'మేడం, మీకే సరిగ్గ వాడొస్తలేదు' అని నన్నే అంటడు."

"మూడు బోర్డులూనా?"

"మూడూ."

కంపెనీలు బోర్డు తిప్పెయ్యడం దయాకర్ చాలాసార్లు విన్నాడు. కంపెనీ ఇచ్చిన బోర్డే తిరగబడటం మాత్రం ఇదే మొదలు.

"శుక్రవారం వక్రవారం అయిందన్నమాట," అంది రాజ్యం గారు చెయ్యి కడుక్కుంటూ. "మరమ్మతు చేసేవాడికి దొరకని రోగం అంటే, రోగం బోర్డులో లేదు, బళ్లో ఉంది. రేపు వస్తాం."

*

గురువారం నాడు బడి గేటు దగ్గరే వాళ్లకు బొట్టు కనబడింది. గేటుకు ఒకటి, గంటకు ఒకటి, మంచినీళ్ల మిషన్‌కు ఒకటి, ఇన్వర్టర్‌కు ఒకటి, ఆఫీసు బీరువాకు రెండు. పసుపు మీద కుంకుమ. ఒక్కోటి ముఖానికి పెట్టినట్టు సరిగ్గా నడిమధ్యన, రోడ్డు మీద పోయేవాడికి కూడా కనబడేంత పెద్దది.

"ఇది మా దుర్గమ్మ చేతిపని," అంది ఛాయాదేవి. దుర్గమ్మ ఆ బడి ఆయా. బడి తలుపులన్నీ తెరిచేదీ, ఊడ్చేదీ, తుడిచేదీ ఆవిడే.

తొమ్మిదో తరగతిలో బోర్డు నల్లగా, నిగనిగలాడుతూ, అమాయకంగా ఉంది. రాజ్యం గారు వేలితో 'అ ఆ' అని రాసింది. బుద్ధిగా రాయించుకుంది. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని బోర్డు కింద నేలను చూసింది. అక్కడ గోధుమ గింజంత పసుపుపచ్చని పొడి.

"కలర్ చాక్‌పీస్ పొడి మేడం," అన్నాడు దయాకర్ హుషారుగా.

"బోర్డు వచ్చాక ఈ గదిలో చాక్‌పీసు వాడుతున్నారాండీ?"

"లేదు," అంది ఛాయాదేవి. "నల్లబల్ల తీసేసిన రోజే ఆపేసినం. లెక్కల చిదంబరం సారు అందుకే ఈ గదిల అడుగు పెడ్తలేడు."

రాజ్యం గారు పొడిని కాస్త వేలికద్దుకుని, వాసన చూసి, మిగిలింది కాగితంలో పొట్లం కట్టింది.

ముందు దుర్గమ్మను పిలిచారు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"పోలీసోళ్లా?"

"కాదమ్మా. బోర్డు ఎందుకిలా చేస్తోందో కనుక్కోవడానికి వచ్చాం."

"నన్నడిగితె నేనప్పుడే చెప్దునే! గన్నిటికి బొట్టు పెట్టనిచ్చిన్రు, గా బోర్డులకే పెట్టనియ్యలే. తెచ్చిన నాడు కుంకుమ తట్ట పట్టుకొస్తే కమిటీల ఉండే చలపతి సారు లొల్లి పెట్టిండు. సైన్సు సామాను మీద మూఢనమ్మకమేందని నన్ను పది మంది ముంగట అన్నడు. సరే సారూ, బొట్టు లేని మిషన్ మొండికేస్తది, యాది పెట్టుకో అన్న. ఏసిందా లేదా?"

"ఈ గదులు ఎవరు తెరుస్తారు?"

"నేనే. పొద్దుగాల నేనొస్త. చిదంబరం సారొచ్చి ఆఫీసుల చాక్‌పీసు డబ్బా తీస్కుంటడు. సుక్రారం సుక్రారం చలపతి సారొచ్చి బోర్డుల కరెంటు సూస్కొని పోతడు. ఆయన కోసమే తాళాలు ముందుగాల తీస్త."

"తుడిచేది?"

"సోమారం. మెకానిక్ వస్తడు గద, ఇజ్జత్ పోవద్దని చట్రం సందులు గూడ తడిగుడ్డతోని తుడుస్త."

తరవాత లెక్కల మాస్టారు చిదంబరం. చొక్కా జేబు నిండా తెల్లని సుద్దపొడి, కళ్ల నిండా అనుమానం.

"నా మీదనే కదా మీకు డౌటు? గీ బోర్డులొద్దని మీటింగుల మొత్తుకున్నది నేనొక్కణ్ణే. నిజమే. లెక్క చేత్తోని చేస్తేనే చేతికొస్తది. కానీ అమ్మా, దాన్ని ఖరాబు చెయ్యాలంటే ముందు ముట్టుకోవాలె గద? నేను ముట్టను. సోంపాపడి లెక్క దూరంకెల్లి సూస్త."

"సోంపాపడి ఎందుకండీ?"

"షుగరున్నది."

చివరికి ఆఫీసు గదిలో చలపతిరావు గారు దొరికారు. సర్కారు పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన ఇంజనీరు. బడి కమిటీకి సలహాదారు. ఏ గదికి ఏ బోర్డు, ఏ తీగ ఎటు పోవాలి, రాబోయే ఏళ్లలో బడికి ఏమేం కావాలి అన్న ప్లానంతా ఆయన గీసిందే. కంపెనీ గడప ఎక్కి బోర్డులకు ఒప్పించిందీ ఆయనే.

"దయ్యమూ లేదు, దిష్టీ లేదు," అన్నాడు టీ కప్పు గాల్లో తిప్పుతూ. "కారణం లేకుండా కార్యం ఉండదు మేడమ్. నేను హేతువాదిని. నాకు కాఫీ, టీ తప్ప అలవాట్లు లేవు. వక్కపలుకు కూడా నోట్లో వెయ్యను. దేవుడి గదిలో అగ్గిపుల్ల గీసి ఎరగను."

"మరి బోర్డుకు ఏమైందంటారు?"

"అదే తెలిస్తే..." ఆయన గొంతు ఒక్కసారి చిన్నబోయింది. "కంపెనీ వాళ్లకు నా మాట మీద ఇప్పించానండీ. రేపు అది వాళ్ల ముందు పిచ్చిగీతలు గీస్తే ఛాయాదేవి గారి ముఖం ఎలా చూడను?"

అంటూ చెయ్యి ఊపడంలో టీ ఒలికింది. జేబులోంచి చేతిరుమాలు తీశాడు. దాని మూల ఎర్రగా మరక. చటుక్కున మడిచి మళ్లీ జేబులో కుక్కి, బల్ల మీది పేపరుతో టీ తుడిచాడు. పాన్ మరక అనుకున్నాడు దయాకర్. పెద్దాయన చాటుగా నములుతాడేమో, పాపం.

సాయంత్రం ఉప్పల్‌కు తిరిగొచ్చి లిఫ్టు ఎక్కితే తలుపు మూసుకోలేదు. సగం దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తెరుచుకుంది. పూలమ్మే ఆవిడ బుట్టతో లోపల నిలబడింది. దయాకర్ మీట మీద మీట నొక్కాడు. తలుపు వచ్చింది, వెళ్లింది.

"ఆగు," అంది రాజ్యం గారు. బుట్టలోంచి బంతిపూల దండ ఒకటి గుమ్మం దాకా వేలాడుతోంది. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టి బుట్టలో వేసింది. తలుపు మూసుకుంది.

"దండ తలుపుకు తగల్లేదు కదయ్యా. మరెందుకు ఆగింది?"

"సెన్సర్ మేడం. అటు దిక్కు నుంచి ఇటు దిక్కుకు కనబడని లైటు కొడ్తది. నడుమ ఏది అడ్డమొచ్చినా మనిషనుకుంటది."

"మనిషనుకుంటుంది!" అంది రాజ్యం గారు. మూడో అంతస్తు వచ్చేదాకా మళ్లీ నోరు తెరవలేదు. ఆవిడ నోరు మూసుకుందంటే కేసు మూసుకున్నట్టేనని దయాకర్‌కు అర్థమైంది. ఎలా మూసుకుందో మాత్రం అర్థం కాలేదు.

*

శుక్రవారం బోర్డుకు పూనకం రానే వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు బెంచీలెక్కి చూస్తుంటే, ఎవరూ తాకకుండానే, కింది మూల నుంచి ఎర్రగీత వణుకుతూ బయల్దేరి, తెలంగాణ పటం మీదుగా గోదావరిని మించి పారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఛాయాదేవి గోడకానుకుంది.

రాజ్యం గారు పిల్లల్ని గ్రౌండులోకి పంపించి, తలుపు దగ్గరికి వేసి, పెద్దలందరినీ బెంచీల మీద కూర్చోబెట్టింది. ఛాయాదేవి, చలపతిరావు, చిదంబరం, దుర్గమ్మ. చిదంబరం మాత్రం గుమ్మానికి ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆయన పక్కనుంచి తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది.

"నమస్తే అండీ. మధ్యాహ్నం వస్తానన్న గానీ ముందే వచ్చిన. నేను మనస్విని, కంపెనీ నుంచి. అయ్యో, ఇదేంది, బోర్డు దానంతట అదే గీస్తున్నది?"

ఛాయాదేవి ముఖంలో రక్తం లేదు. "రాజ్యం గారూ, తరవాత మాట్లాడుకుందాం," అంది గొణుగుతూ.

"ఆవిడ ముందే మాట్లాడుకుందాం. దాస్తే ఏమవుతుందో మీ బోర్డు పొద్దుటినుంచీ రాసి చూపిస్తూనే ఉంది." రాజ్యం గారు మనస్వినికి ముందు బెంచీ చూపించి, చేతిసంచీలోంచి తడిపిన దూది తీసింది. బోర్డు చట్రం కింది అంచును, లోపలి వైపు, వేలు దూరేంత సందులో ఒక్కసారి తుడిచింది.

ఎర్రగీత ఆగిపోయింది.

ఆవిడ దూదిని పైకెత్తి చూపించింది. పసుపు. పసుపు మీద ఎరుపు.

"స్మార్ట్ బోర్డును ఎవరో స్మార్త బోర్డు చేశారు," అంది. "ఈ చట్రం లోపల చుట్టూతా సన్నని కళ్లుంటాయి. ఈ అంచు నుంచి ఆ అంచుకు కంటికి కనబడని వెలుతురు నడుస్తుంది. మన వేలు అడ్డం పడితే, వేలు ఎక్కడుందో బోర్డుకు తెలుస్తుంది. కుంకుమ అడ్డం పడినా వేలే అనుకుంటుంది. మన లిఫ్టు బంతిపూల దండను మనిషనుకోలేదూ, దయాకరూ? అలాగే. పాపం దీని కళ్లలో కుంకుమ పడింది. అది రాసింది రాత కాదు, మొత్తుకోలు."

అందరి తలలూ ఒకేసారి దుర్గమ్మ వైపు తిరిగాయి.

దుర్గమ్మ లేచి నిలబడింది. "ఏందట్ల జూస్తున్రు? నేను పెడితె గట్ల సందుల పెడ్తనా? నా బొట్టు గేటు కాడికెల్లి కనబడ్తది! దేవునికి పెట్టేది దొంగతనంగ పెడ్తరా ఎవలన్న?"

"అదీ మాట!" అంది రాజ్యం గారు బల్ల మీద చరిచి. "ఈ కేసు తేల్చింది ఆ మాటే. దుర్గమ్మ బళ్లో అన్నిటికీ బొట్టు పెట్టింది. అన్నీ నడిమధ్యన, దర్జాగా. నమ్మేవాళ్లకు దాచుకోవాల్సిన పని లేదు. వంగి, చేతిని సందులో దూర్చి, కనబడకుండా బొట్టు పెట్టాల్సిన అవసరం ఒక్కరికే ఉంటుంది. నమ్మనని ఊరంతా చెప్పుకున్నవాళ్లకి."

"నేను చెప్పుకోలే," అన్నాడు చిదంబరం గబుక్కున. "తిరపతికి ఏటేట పోత."

"మీరు కాదు మాస్టారూ. మీ జేబులో తెలుపు తప్ప ఇంకో రంగు లేదు. వక్క కూడా నమలని మనిషి చేతిరుమాలుకు ఎరుపు ఎక్కడిది? శుక్రవారం శుక్రవారం కరెంటు చూసే మనిషి గురువారం ఎందుకు చూడడు? కరెంటుకు వర్జ్యం, వారం లేవు కదా. ఏవండీ చలపతిరావు గారూ?"

దర్యాప్తులో ఆప్తులుండరని దయాకర్ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. అయినా ఆ పెద్దాయన ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగాడు. చలపతిరావు కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"మొదటి వారం కరెంటు పోయి వచ్చింది," అన్నాడు చివరికి. "బోర్డు ఒక్కసారి ఆరి వెలిగింది. అంతే. కరెంటు పోతే ఆరక ఏం చేస్తుంది! ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా, దుర్గమ్మ అన్న మాట చెవిలో మోగింది. బొట్టు లేని మిషన్ మొండికేస్తదని. నా ఉద్యోగమంతా ప్రతి ఆయుధపూజకీ మిషన్లకు బొట్టు పెట్టారు, నేను పక్కన నిలబడి నవ్వాను. కానీ బొట్టు లేని మిషన్ని ఒక్కదాన్నీ నడపలేదు. ఇంతమంది పిల్లల సంగతి కదా, ఎందుకొచ్చిన గొడవ అని... ఎవరికీ కనబడకుండా... చిన్నది పెట్టాను."

"వెంటనే బోర్డు గీతలు గీసింది," అంది రాజ్యం గారు.

"గీసింది. బొట్టు సరిపోలేదేమో అనుకుని ఆ తరవాతి శుక్రవారం కాస్త పెద్దది పెట్టాను."

"అది ఇంకా ఎక్కువ గీసింది."

"ఇంకా పెద్దది పెట్టాను."

ఛాయాదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అని దయాకర్ కంగారుపడ్డాడు. కాదు, నవ్వుతోంది. భయంతో మొదలైన నవ్వు, ఆగే నవ్వు కాదు.

"సోమవారం తడిగుడ్డతో బొట్టు పోయేది," అంది రాజ్యం గారు. "గుడ్డకు పసుపు అంటితే తన బొట్లదే అనుకుంది దుర్గమ్మ. అందుకే మెకానిక్ వచ్చేసరికి రోగం ఉండదు. మందే రోగం, రోగమే మందు. పైన నడినెత్తి మీద బహిరంగంగా పెట్టి ఉంటే ఈ బోర్డుకు ఏమీ అయ్యేది కాదండీ. దాచిపెట్టారు కాబట్టి కంట్లో పడింది."

"దండం పెడ్త సారూ," అంది దుర్గమ్మ, చేతులు జోడించకుండానే. "నన్నడిగితె మంచిగ నేనే పెడుదు గద!"

"నిన్ను పది మందిలో అన్నాక మళ్లీ నిన్నే ఎలా అడగనమ్మా?" అన్నాడు చలపతిరావు. మనస్విని వైపు తిరిగాడు. "అమ్మా, తప్పు నాది. బడిది కాదు. ఈ హెడ్మిస్ట్రెస్ గారిది అసలే కాదు. మీరు ఇవ్వాలనుకున్నది వీళ్లకు ఇవ్వండి. నేను కమిటీ నుంచి తప్పుకుంటాను."

ఛాయాదేవి నవ్వు ఆగిపోయింది. అందరూ ఆ అమ్మాయి ముఖం వైపే చూస్తున్నారు. ఆ అమ్మాయి మాత్రం బోర్డు చట్రాన్ని చూస్తోంది.

"మా ప్లాంట్‌ల గూడ ఇట్లనే అయింది సార్," అంది మెల్లిగా. "ఆయుధపూజ మర్నాడు కొత్త లైన్ నడవలే. సెన్సర్ మీద ఎవరో బొట్టు పెట్టిన్రు. మేనేజర్ పూజ బంద్ అన్నడు. వర్కర్లు పని బంద్ అన్నరు. చివరికి ప్రతి మిషన్ మీద తెల్ల పెయింట్‌తోని గుండ్రం గీసినం. బొట్టు అండ్లనే పెట్టాలె. ఆనాటి నుంచి లైన్ ఆగలే, పూజ ఆగలే."

"మరి బోర్డులిచ్చిన నాడు మాకు చెప్పొద్దా?" అంది ఛాయాదేవి. హెడ్మిస్ట్రెస్ గొంతు తిరిగొచ్చింది.

"చెప్పాల్సింది. బోర్డులు ప్లాన్‌ల రాసినం, బిగించుడు రాసినం. వాటితోని ఎట్ల మెలగాలో నేర్పే రోజు ఒక్కటి గూడ రాయలే. అది మా తప్పు. మిగిలిన గదులకు బోర్డులిస్తం మేడం. కానీ ముందు అందరికీ శిక్షణ. టీచర్ల కంటే ముందు దుర్గమ్మకు. చలపతి సార్ ఎక్కడికీ పోవద్దు. రెండో ప్లాన్ గూడ ఆయనే గియ్యాలె, గుండ్రాలతోని సహా."

"నిధులిచ్చి విధులు మరిచిపోవడం అంటే ఇదే," అని రాజ్యం గారు దయాకర్ చెవిలో అంది. గుమ్మంలోని చిదంబరం రెండో కాలు కూడా లోపల పెట్టాడు. "అమ్మా, గుండ్రం గీసిన చేత్తోనే ఒక గోడ నా సుద్దకు ఒదిలిపెట్టమని గూడ రాయున్రి," అన్నాడు. మనస్విని సరేనంది.

ఛాయాదేవి తలుపు తెరిచి గంట కొట్టించింది. పిల్లలు తోసుకుంటూ వచ్చి కూర్చున్నారు. బోర్డుకు ఏమైందో చెప్పాలి కదా అంటే, చలపతిరావు తనే ముందుకు నడిచాడు. వేలు ఎలా కనబడుతుందో, కుంకుమ ఎందుకు వేలులా కనబడుతుందో బోర్డు మీదే బొమ్మ గీసి చెప్పాడు. ఆ కుంకుమ పెట్టినవాడు తనేనని కూడా చెప్పాడు. గది గొల్లుమంది. నవ్వు కాస్త సద్దుమణగడానికి ఆయనే చెయ్యెత్తాల్సి వచ్చింది.

బోర్డు చట్రం పైన, కొత్తగా గీసిన సుద్ద గుండ్రంలో, దుర్గమ్మ స్టూలెక్కి బొట్టు పెడుతోంది. ముందు బెంచీలోని సంతోషి లేచి నిలబడింది.

"సార్, కారణం లేకుంట ఏది కాదంటరు గద మీరు. మరి బొట్టు లేకుంట గూడ బోర్డు నడుస్తదని మీకు ధైర్యమున్నదా?"

చలపతిరావు బోర్డు వైపు చూశాడు, బొట్టు వైపు చూశాడు, ఆ పిల్ల వైపు చూశాడు.

"నడుస్తుందని తెలుసమ్మా," అన్నాడు. "ధైర్యం మాత్రం లేదు. అందుకే చోటు మార్చుకున్నాను."